టీబీ గోలీలు ఒక దిక్కు, షుగర్ గోలీలు ఒక దిక్కు.. నడుమ నలిగేది మనిషే

టీబీని ఖతం చేస్తమని ఊర్లల్ల క్యాంపులు పెడుతున్నరు. 2024 డిసెంబర్ 7న కేంద్రం 100 రోజుల కార్యక్రమం షురూ చేసినప్పటి సంది ఎక్స్‌రే మెషిన్లు దవాఖాన దాటి పల్లెలకు వస్తున్నయ్. ముందుగాల ఎవలికి పరీక్ష చేయాలె అని ఒక జాబితా పెట్టుకున్నరు. 60 ఏండ్లు దాటినోళ్లు, బరువు తక్కువున్నోళ్లు, బీడీలు, మందు తాగేటోళ్లు, ఇదివరకు టీబీ వచ్చిపోయినోళ్లు, పేషెంట్‌తోని ఒక్క ఇంట్ల ఉండేటోళ్లు అందుల ఉన్నరు. వాళ్లతో పాటు షుగర్ ఉన్నోళ్లు కూడా ఉన్నరు. ఇది మంచి పనే. వెతికితేనే కదా దొరికేది.

అసలు ప్రశ్న దొరికిన తర్వాతిది. షుగర్ ఉన్న మనిషికి టీబీ అని తేలింది. చేతిల గోలీల షీట్లు పెట్టి పంపిండ్రు. ఆరు నెలలు ఆపకుండ మింగాలె అన్నరు. రెండో నెలల కాళ్లు మండుతున్నయ్, కడుపుల తిప్పుతున్నది, కండ్లు మసక అయితున్నయ్. టీబీ కౌంటర్‌కు పోతే ‘అది షుగర్ వల్ల’ అంటరు. షుగర్ డాక్టర్ దగ్గరికి పోతే ‘అది టీబీ గోలీల వల్ల’ అంటరు. ఇద్దరూ చెప్పింది సగం నిజమే కావచ్చు. కానీ ఆ మనిషి ఇంటికొచ్చి ఏం చేస్తడు? గోలీలు పక్కకు పెడతడు. టీబీ ముక్త్ లెక్క తప్పేది సరిగ్గ గిక్కడనే.

రెండు బీమార్లు ఒక్క ఒంట్లనే ఎందుకు?

షుగర్ ఉన్నోళ్లకు టీబీ వచ్చే ముప్పు మామూలు మనుషుల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. రక్తంల షుగర్ ఎక్కువుంటే ఒంట్లున్న కాపలా కణాలు సరిగ్గ పనిచేయవు. ఏండ్ల కింద ఊపిరితిత్తులల్ల చేరి పండుకున్న టీబీ పురుగు అప్పుడు లేస్తది. టీబీ వచ్చిందంటే జ్వరం, ఒంటి మీద ఒత్తిడి వల్ల షుగర్ ఇంకా పెరుగుతది. ఒకదానికి ఇంకొకటి ఎరువు లెక్క పనిచేస్తది. షుగర్ కంట్రోల్‌ల లేకుంటే టీబీ మందులు తొందరగ పనిచేయవు, తగ్గినంక మళ్లొచ్చే ముప్పు, ప్రాణం పోయే ముప్పు కూడా ఎక్కువే.

లెక్కలు చూస్తే మన దేశం రెండు దిక్కులా ముందే ఉన్నది. ప్రపంచంల టీబీ వచ్చేటోళ్లల్ల దగ్గర దగ్గర నలుగురిల ఒకరు ఇండియన్. 2023ల వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంల షుగర్ ఉన్నోళ్లు 10.1 కోట్ల మంది. 2025 కల్లా టీబీని ఖతం చేస్తమని 2018ల ప్రకటించిండ్రు. 2015ల లక్ష మందికి 237 కొత్త కేసులుంటే 2024 నాటికి 187కు వచ్చినయ్. తగ్గుడు నిజమే, కానీ పెట్టుకున్న టార్గెట్ 80 శాతం తగ్గించుడు. అయింది 21 శాతం. మిగిలిన దారి క్యాంపులతోనే పూర్తి కాదు. మొదలుపెట్టిన ట్రీట్‌మెంట్‌ను ప్రతి మనిషి చివరిదాంక తీసుకపోవాలె.

పొద్దుగాల ఎనిమిది గోలీలు

మన ఊర్ల 55 ఏండ్ల రైతును అనుకుందాం. బరువు 52 కిలోలు. మందులకు లొంగే మామూలు టీబీ. బరువును బట్టి ఆయనకు రోజుకు నాలుగు గోలీలు రాస్తరు. ఒక్కో గోలీల నాలుగు మందులుంటయ్: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. రెండు నెలలు ఈ నాలుగూ, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడు. వీటికి తోడు షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఒకటి, నరాలకు బీ6 ఒకటి. పొద్దుగాల లేస్తే ఎనిమిది గోలీలు. కడుపుల ఏమన్న పడకముందే గోలీలతో నిండిపోతది.

ఈ నాలుగు మందులు ప్రాణం కాపాడేటివే, అందుల డౌట్ లేదు. కానీ ఒక్కోదానికి ఒక్కో తిప్పలున్నది. ఐసోనియాజిడ్ ఒంట్ల బీ6 విటమిన్‌ను తగ్గిస్తది, దాంతోని కాళ్లు, చేతుల నరాలు దెబ్బతింటయ్. పైరజినమైడ్ యూరిక్ యాసిడ్ పెంచి కీళ్ల నొప్పులు తెస్తది. ఇథాంబ్యుటాల్ కంటి నరం మీద పడొచ్చు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారమేస్తయ్. రిఫాంపిసిన్‌తోని మూత్రం ఎర్రగ, నారింజ రంగుల వస్తది. అది రక్తం కాదు, భయపడే పని లేదు. గీ ఒక్క మాట మొదటి రోజే చెప్తే, భయపడి గోలీలు పారేసేటోళ్లు తగ్గుతరు.

కాళ్ల మంట ఎవరి ఖాతాల?

షుగర్ పాతదైతే కాళ్లల్ల తిమ్మిర్లు, మంట, సూదులు గుచ్చినట్టు అనిపించుడు ముందుగాలనే ఉంటది. ఐసోనియాజిడ్ కూడా అచ్చం అట్లనే చేస్తది. ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడినోళ్లల్ల బీ12 తగ్గి కూడా ఇదే మంట వస్తది. మూడు కారణాలు, ఒకటే బాధ. అందుకనే ‘షుగర్ ఉన్నోళ్లకు ఇది మామూలే’ అని తీసి పక్కకు పెట్టొద్దు.

దీనికి ఉపాయం పెద్ద ఖర్చుది కాదు. షుగర్ ఉన్న టీబీ పేషెంట్‌కు మొదటి రోజు సందే బీ6, అంటే పైరిడాక్సిన్ గోలీ ఇయ్యాలె. నరాలు దెబ్బతినకుండ ఆపడానికి సాధారణంగ రోజుకు 10 మిల్లీగ్రాములు సరిపోతది. మంట అప్పటికే మొదలైతే డోసు పెంచుడు డాక్టర్ పని. మెడికల్ షాపుల దొరుకుతది కదా అని సొంతంగ ఎక్కువ డోసు నెలల కొద్దీ మింగితే, అదే బీ6 నరాలను దెబ్బతీస్తది. ఇంకొక మాట. కాళ్లకు స్పర్శ తగ్గిన రైతు చెప్పుల్లేకుండ పొలంల నడిస్తే ముల్లు దిగినా తెల్వదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకునుడు కూడా ఈ ట్రీట్‌మెంట్‌ల భాగమే.

కండ్ల సంగతి కూడా ఇంతే. షుగర్‌తోని కంటి పొర దెబ్బతిని మసక వస్తది. షుగర్ పైకి కిందికి అయినా కొన్ని రోజులు చూపు మసకగ ఉంటది. ఇథాంబ్యుటాల్‌తోని వచ్చే మసక వేరు. అందుల రంగులు, ముఖ్యంగ ఎరుపు, ఆకుపచ్చ తేడా తెల్వకుండ పోతది. పండు మిరపకాయకు, పచ్చి మిరపకాయకు ఫరక్ చెప్పలేకపోతున్నడంటే అదే రోజు దవాఖానకు తీసుకపోవాలె. తొందరగ పట్టుకొని ఆ మందు ఆపితే చాలామందికి చూపు మళ్లొస్తది. ఆలస్యమైతే రాకపోవచ్చు. ట్రీట్‌మెంట్ మొదలుపెట్టేటప్పుడే కండ్లు చూపించి రాసి పెట్టుకుంటే, తర్వాత వచ్చిన మసక పాతదా కొత్తదా అన్న లొల్లి ఉండది.

కిడ్నీలు కూడా మర్వొద్దు. షుగర్‌తోని కిడ్నీలు వీక్ అయినోళ్లల్ల ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్ ఒంట్ల నుంచి తొందరగ పోవు. పేరుకపోయి సైడ్ ఎఫెక్టులు ఎక్కువైతయ్. క్రియాటినిన్ టెస్టు ముందుగాల చేస్తే వీటి డోసులను డాక్టర్ సర్దుతడు.

షుగర్ గోలీని మింగే టీబీ గోలీ

అందరికీ తెల్వాల్సిన ముచ్చట ఇది. రిఫాంపిసిన్ టీబీ మందులల్ల పెద్దది. అది లివర్‌ల ఉండే ఎంజైములను గట్టిగ పనిచేయిస్తది. ఆ ఎంజైములు వేరే గోలీలను కూడా జల్ది కరిగించి బయటకు పంపుతయ్. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ గోలీల బలం ఇట్ల తగ్గుతది. మెట్‌ఫార్మిన్‌కు ఈ తిప్పల పెద్దగ లేదు, అది లివర్‌ల కరిగే మందు కాదు. ఇన్సులిన్‌కూ ఈ దారిల నష్టం లేదు. బీపీకి వాడే అమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ బలం కూడా రిఫాంపిసిన్ తగ్గిస్తది.

అందుకనే అదే గోలీ, అదే డోసు, అదే తిండి ఉన్నా షుగర్ 300 దాటుతది. ఇంట్లోళ్లు ‘నువ్వే మిఠాయిలు తింటున్నవ్’ అని ఆయన మీద పడతరు. ఆయన తప్పేం లేదు. లోపల మందులు మందులు కొట్లాడుకుంటున్నయ్.

దీని రెండో మొఖం ఇంకా డేంజర్. షుగర్ పెరిగిందని డాక్టర్ గోలీల డోసు పెంచిండు లేదా ఇన్సులిన్ పెట్టిండు అనుకుందాం. ఆరు నెలలు అయిపోయినయ్, టీబీ గోలీలు బంద్ అయినయ్. ఇంట్ల అందరికీ సంబురం. రిఫాంపిసిన్ ప్రభావం రెండు వారాలల్ల దిగిపోతది. ఇన్‌ఫెక్షన్ తగ్గినంక ఒంట్ల షుగర్ ఒత్తిడి కూడా తగ్గుతది. పెంచిన డోసు మాత్రం అట్లనే ఉంటది. అప్పుడు షుగర్ ఒక్కసారి పడిపోతది. చెమటలు, వణుకుడు, గుండె దడ, తికమక మాటలు. రాత్రిపూట పండుకున్నంక అయితే ఇంకా ప్రమాదం. ‘టీబీ నయమైంది’ అని రిజిస్టర్ మూసిన తర్వాత జరిగేది కాబట్టి ఇది టీబీ లెక్కలకు ఎక్కదు.

కడుపు తిప్పుడు కూడా ఇట్లాంటి ముచ్చటే. టీబీ గోలీలు, మెట్‌ఫార్మిన్ రెండూ కడుపుల తిప్పుతయ్. షుగర్ గోలీ మింగినంక లేదా ఇన్సులిన్ సూది తీసుకున్నంక తిన్నది కక్కితే షుగర్ పడిపోతది. టీబీ గోలీలు ఖాళీ కడుపుతోని మింగుడు మంచిదే. తట్టుకోలేకపోతే కొద్దిగ తిని మింగొచ్చు, మొత్తం మానుడు కన్నా అది నయం. ఏ గోలీ ఏ టైంకు అన్నది డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడిగి కాయితం మీద రాయించుకోవాలె.

పసరు మందుతోని ప్రాణం మీదికి

లివర్ దెబ్బతింటే ముందుగాల ఆకలి చచ్చిపోతది. అన్నం వాసన పడదు. వాంతులు, కుడి పక్క డొక్కల నొప్పి, తర్వాత కండ్లు పచ్చగ అయితయ్. మన ఊర్లల్ల కండ్లు పచ్చగ కాంగనే ఏం చేస్తరో తెల్సు. పచ్చకామెర్లని పసరు మందుకు తీసుకపోతరు, పథ్యం పెడతరు. ఒక దిక్కు లివర్‌ను దెబ్బతీస్తున్న గోలీలు నడుస్తనే ఉంటయ్, ఇంకొక దిక్కు పసరు, దాని మీద పథ్యం పేరుతోని ఉపాసం. షుగర్ ఉన్న మనిషికి ఈ మూడూ కలిస్తే ప్రాణం మీదికి వస్తది.

కండ్లు పచ్చగైతే ఆ రోజే టీబీ గోలీలన్ని ఆపి దవాఖానకు పోవాలె. అక్కడ లివర్ టెస్టు చేసి, తగ్గినంక మందులను ఒక్కొక్కటిగ మళ్ల మొదలుపెడతరు. ఏ మందు పడతలేదో అట్ల తెలుస్తది. మొత్తం ట్రీట్‌మెంట్ పోయినట్టు కాదు. ఒంటి నిండ దద్దులొచ్చినా, నోట్ల పుండ్లు, బొబ్బలు లేసినా ఇదే రూలు. కల్లు, మందు ఈ ఆరు నెలలు బంద్ పెట్టాల్సిందే, మీది లివర్‌కు ఇంకో భారం వద్దు.

ఇంకొకటి. కీళ్ల నొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి పోతే స్టెరాయిడ్ సూది పడొచ్చు. నొప్పి ఆ పూట తగ్గుతది, షుగర్ మాత్రం ఎగబాకుతది. సూది వేసుకునే ముందు అది ఏం మందో అడుగుడు మన హక్కు.

‘పుష్టిగ తిను’, ‘తినకు’.. ఏది వినాలె?

టీబీ దిక్కు పోతే బాగ తినాలె అంటరు. షుగర్ దిక్కు పోతే తగ్గించాలె అంటరు. పేషెంట్ రెండూ విని, భయపడి, సగం తిని ఊకుంటడు. బరువు తగ్గుతడు. బరువు తగ్గితే మందులు తట్టుకునే తాకత్ కూడా తగ్గుతది.

రెండు సలహాలు కొట్లాడుకోవు, విడమరిచి చెప్పేటోళ్లే తక్కువ. తగ్గించాల్సింది చక్కెర, బెల్లం, కూల్‌డ్రింకులు, కుప్పలు కుప్పలుగ తెల్లన్నం. పెంచాల్సింది గుడ్లు, పప్పు, చాపలు, పెరుగు, ఆకుకూరలు. అన్నం తగ్గిస్తే ఆ జాగల పప్పు, గుడ్డు రావాలె, ఖాళీ పళ్లెం రావొద్దు. నిక్షయ్ పోషణ్ యోజన కింద ట్రీట్‌మెంట్ నడిచినన్ని రోజులు నెలకు ఇచ్చే పైసలను 2024 నవంబర్ సంది 500 నుంచి 1,000 రూపాయలకు పెంచిండ్రు. అవి పేషెంట్ బ్యాంకు ఖాతాల పడతయ్. ఖాతా నంబర్ తప్పు పడితే పైసలు ఆగుతయ్, ఓసారి చూసుకోవాలె.

సర్కారు చేయాల్సింది

కాయితం మీద పాలసీ ఉన్నది. టీబీ తేలినోళ్లందరికీ షుగర్ టెస్టు చేయాలె, షుగర్ కోసం వచ్చినోళ్లను టీబీ లక్షణాల గురించి అడగాలె అని 2017లనే కేంద్రం టీబీ, షుగర్ ఉమ్మడి ఫ్రేంవర్క్ తెచ్చింది. అది పట్టుకునే దాంక ఉపయోగపడుతది. పట్టుకున్నంక ఆరు నెలలు ఆ మనిషిని ఎవరు చూడాలె? టీబీ సూపర్‌వైజర్ గోలీలు మింగిండా లేదా చూస్తడు. ఏఎన్ఎం షుగర్, బీపీ చూస్తది. నడుమ పడ్డ కాళ్ల మంట ఎవరి రిజిస్టర్‌ల ఉండదు.

దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు. రెండు బీమార్లున్నోళ్లకు ఒకటే కార్డు ఇయ్యాలె, అందుల రెండు రకాల గోలీలు రాయాలె. ట్రీట్‌మెంట్ మొదలయ్యేటప్పుడే షుగర్, లివర్, క్రియాటినిన్, కంటి పరీక్ష పీహెచ్‌సీ స్థాయిలనే రాసి చేయించాలె. బీ6 గోలీ టీబీ షీట్‌తోనే చేతికి రావాలె, ‘స్టాక్ లేదు, బయట కొనుక్కో’ అనొద్దు. మొదటి షుగర్ చెకప్ రెండు వారాలకు, తర్వాత నెలనెలా, టీబీ గోలీలు ఆపిన రెండు వారాలకు ఇంకోసారి తప్పకుండ జరగాలె. ఆశా వర్కర్ ఇంటికి పోయినప్పుడు ‘గోలీలు మింగినవా’ తోని ఆగకుండ కాళ్లు, కండ్లు, కడుపు, ఆకలి, షుగర్ గురించి ఐదు ప్రశ్నలు అడగాలె. ఆ పనికి తగ్గ పైసలు ఆమెకూ రావాలె.

మొండి టీబీ ఉన్నోళ్లకు ఇది ఇంకా అవసరం. 2024 సెప్టెంబర్‌ల కేంద్రం ఒప్పుకున్న బీపామ్ కోర్సుతోని వాళ్ల ట్రీట్‌మెంట్ ఆరు నెలలకు తగ్గింది. అది పెద్ద మేలు. కానీ అందుల ఉండే లినెజోలిడ్ నరాలను దెబ్బతీస్తది, షుగర్ మందులు వాడేటోళ్లల్ల షుగర్‌ను పడగొట్టొచ్చు. మాక్సిఫ్లాక్సాసిన్‌తోని షుగర్ పైకి కిందికి అయితది. ట్రీట్‌మెంట్ చిన్నగైనంత మాత్రాన నిగరానీ చిన్నగ కావొద్దు.

ఇంట్ల ఫోనున్న పోరగాండ్లు చేయాల్సింది

ఈ పనుల సగం ఇంట్ల చదువుకున్న పిల్లలు చేయొచ్చు. నాయినకో, తాతకో, పెద్దమ్మకో రెండు బీమార్లుంటే వాళ్లు వాడే అన్ని గోలీల ఫొటో ఒక్కటి తీసి ఫోన్‌ల పెట్టుకోండ్రి. టీబీ దగ్గరికి పోయినా, షుగర్ దగ్గరికి పోయినా అదే చూపెట్టాలె. రిఫాంపిసిన్ నడుస్తున్నదని షుగర్ డాక్టర్‌కు మీ నోటితోనే చెప్పాలె. టీబీ కోర్సు అయిపోయే తారీఖు క్యాలెండర్‌ల గుర్తు పెట్టి, షుగర్ డోసు తగ్గించాల్నా అని అంతకుముందే అడగాలె.

చెమటలు పట్టి, వణుకుతుంటే షుగర్ టెస్టు చేయాలె. మెషిన్ లేకుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె. 15 నిమిషాలకు తగ్గకపోతే మళ్లొకసారి తాపాలె, తేరుకున్నంక ఏమన్న తినిపియ్యాలె. సోయి తప్పితే నోట్ల ఏం పోయొద్దు, 108కి ఫోన్ చేయాలె. టీబీ గురించి ఏదన్నా అడగాల్నంటే నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666 ఉన్నది. మందు పడక ఏదన్నా అయితే 1800-180-3024కు పేషెంటే సొంతంగ చెప్పొచ్చు. చెప్పకపోతే ఆ బాధ ఏ లెక్కల్లకూ రాదు.

రెండో నెలల దగ్గు తగ్గుతది, జ్వరం పోతది, బాధల మిగిలేవి గోలీలు తెచ్చినవే. అందుకే మానేయాలని బుద్ధి పుడుతది. నడుమల ఆపితే బతికిన పురుగులు మందులకు లొంగకుండ తయారైతయ్, ఇంట్ల పిల్లలకు కూడా అవే అంటుతయ్. అట్లని బాధనంతా పండ్లు బిగపట్టి ఓర్చుకోమనుడు కూడా న్యాయం కాదు. సైడ్ ఎఫెక్ట్ వచ్చిందంటే ఆ మనిషి మొండితనం చేస్తున్నడని కాదు, దవాఖాన చూడాల్సిన పని ఒకటి మిగిలి ఉన్నదని. ఆ పని అడిగి చేయించుకుంటేనే ఆరో నెల ఆఖరి గోలీ దాంక మనిషి నిలబడుతడు.